కెనడా కలపపై కట్టిన డిపాజిట్ తిరిగొస్తుందా?

ప్రశ్న: ఇళ్ల ఫ్రేమింగ్ పనులకు కెనడా నుంచి స్ప్రూస్, పైన్ కలప తెప్పించుకుంటున్నాం. కస్టమ్స్ బ్రోకరు బిల్లులో సుంకాన్ని ‘డిపాజిట్’ అని రాస్తున్నాడు. డిపాజిట్ అయితే ఎప్పటికైనా తిరిగి రావాలి కదా?
– ఒక కాంట్రాక్టరు, సియాటెల్

జవాబు: రావచ్చు. ఎదురు కట్టాల్సి కూడా రావచ్చు. కెనడా కలపపై అమెరికా వేసే సుంకాలు రెండు: మరీ చౌకగా అమ్మినందుకు యాంటీ డంపింగ్, అక్కడి సబ్సిడీకి విరుగుడుగా కౌంటర్‌వెయిలింగ్. ఇవి సరుకు సరిహద్దు దాటిన రోజున తేలవు. ఆ రోజు అమల్లో ఉన్న రేటు ప్రకారం నగదు డిపాజిట్ కట్టించుకుని, కస్టమ్స్ మీ ఎంట్రీని, అంటే ఆ లోడు దిగుమతి పత్రాన్ని, లెక్క తేల్చకుండా పక్కన పెడుతుంది. తర్వాత వాణిజ్య శాఖ ఆ ఏడాది సరుకుపై సమీక్ష జరిపి అసలు రేటు చెబుతుంది. వాపసో బాకీయో అప్పుడు తెలుస్తుంది.

2023 సరుకు సంగతి చూడండి. ఆ ఏడాది చివర్లో, సమీక్షలో ఉన్నా విడిగా లెక్క కట్టని కంపెనీలకు రెండు సుంకాలూ కలిపి డిపాజిట్ సుమారు 8 శాతం. అంటే 40 వేల డాలర్ల లోడుకు 3,200 డాలర్లు. ఆ ఏడాది సరుకుపై సమీక్ష 2025లో ముగిసి, రేటు సుమారు 35 శాతమని తేలింది. అదే లోడుకు 14,000 డాలర్లు. తేడా 10,800, దానికి వడ్డీ అదనం. కోర్టుల్లో వివాదాలు నడుస్తుంటే బిల్లు ఆలస్యం కావచ్చు, అంతమాత్రాన మాఫీ అయినట్టు కాదు. ఆ బాకీ మిల్లుది కూడా కాదు. కాగితాల్లో ‘ఇంపోర్టర్ ఆఫ్ రికార్డ్’గా, అంటే అధికారిక దిగుమతిదారుగా, ఎవరి పేరుంటే వారిది.

అందుకే చిన్న కాంట్రాక్టరు తన పేరున దిగుమతి చేసుకోకపోవడమే మేలని మా అభిప్రాయం. తామే ఇంపోర్టరుగా ఉండి, సుంకం కలిపిన ధరకు అమ్మే కెనడా మిల్లులు ఉన్నాయి. ధర కాస్త ఎక్కువే, కానీ రెండేళ్ల తర్వాత నోటీసు మీ గుమ్మం తొక్కదు. కొటేషన్ తీసుకునేటప్పుడే ఇంపోర్టర్ ఎవరో రాతపూర్వకంగా అడగండి.

మీ పేరునే తెప్పించుకోవాల్సి వస్తే ఎంట్రీ సమ్మరీ మీరే ఒకసారి చదవండి. ఎంట్రీ టైపు 03 ఉండాలి. మామూలు సరుకులా 01 అని వేస్తే తప్పు. యాంటీ డంపింగ్‌కు ఏ-122-857, కౌంటర్‌వెయిలింగ్‌కు సీ-122-858, రెండు కేసు నంబర్లూ కనబడాలి. ఆ నంబర్ల వెనక కంపెనీ కోడ్ ఉంటుంది. విడిగా రేటు ఉన్న మిల్లు సరుకుకు ‘మిగతా అందరి’ రేటు వేస్తే నష్టం మీదే. ఎగుమతిదారు నుంచి యాంటీ డంపింగ్ సుంకం తిరిగి రాబట్టుకోలేదన్న ప్రకటనను లెక్క తేలేలోపు దాఖలు చేయాలి. ఇది లేకపోతే ఆ సుంకం రెట్టింపవుతుంది. ఇంత చిన్న కాగితం ముక్కకు అంత పెద్ద జరిమానా మరెక్కడా ఉండదేమో! ఇక బాండ్, అంటే సుంకాలకు కస్టమ్స్‌కు ఇచ్చే హామీ. ఏడాదికి కట్టే సుంకాలు, ఫీజుల్లో 10 శాతం మేర ఉండాలి, కనీసం 50 వేల డాలర్లు. డిపాజిట్ రేటు పెరిగితే పాత బాండ్ చాలక సరుకు సరిహద్దులో ఆగిపోతుంది.

ప్రశ్న: దర్యాప్తు నడుస్తుండగా వేసే ‘తాత్కాలిక’ సుంకం కూడా ఇలాంటిదేనా?
– ఒక పాఠకురాలు, డెట్రాయిట్

జవాబు: కాదు, దానికి పరిమితులున్నాయి. కెనడా కలపపై దర్యాప్తు నడిచినప్పుడు, 2017 ఏప్రిల్ 28 నుంచి కౌంటర్‌వెయిలింగ్ డిపాజిట్ 19.88 శాతం, జూన్ చివరి నుంచి యాంటీ డంపింగ్ 6.87 శాతం వసూలు చేశారు. ఈ దశలో కట్టిన దానికంటే తుది రేటు ఎక్కువైతే తేడా అడగరు, తక్కువైతే తేడా వెనక్కి ఇస్తారు. కానీ ఆ వాపసుకు వడ్డీ రాదు. తాత్కాలిక కౌంటర్‌వెయిలింగ్ నాలుగు నెలలకు మించి సాగదు. అందుకే 2017 ఆగస్టు చివరి నుంచి డిసెంబర్ చివరి వరకు ఆ డిపాజిట్ అసలు లేదు. ఆ నెలల్లో వచ్చిన లోడ్లపై కట్టాల్సింది యాంటీ డంపింగ్ ఒక్కటే. పాత ఎంట్రీల్లో ఈ తేదీలు ఒకసారి సరిచూసుకోండి.

ప్రశ్న: అమెరికా–మెక్సికో–కెనడా ఒప్పందం ధ్రువపత్రం ఉన్నా సుంకం ఎందుకు పడుతోంది?

జవాబు: ఆ పత్రం మామూలు కస్టమ్స్ సుంకానికే పనికొస్తుంది. యాంటీ డంపింగ్, కౌంటర్‌వెయిలింగ్‌లకు కాదు. 2025 అక్టోబర్ 14 నుంచి సెక్షన్ 232 (జాతీయ భద్రత పేరిట సుంకాలు వేసే అమెరికా చట్ట నిబంధన) కింద సాఫ్ట్‌వుడ్ (స్ప్రూస్, పైన్ వంటి) కలపపై వేస్తున్న 10 శాతం వీటికి అదనం.

ప్రశ్న: పొరుగు దేశాల మధ్య ఇంత తగవు ఎందుకు? కెనడాది నిజంగా సబ్సిడీయేనా?
– ఒక విద్యార్థి, టొరంటో

జవాబు: మూలం చెట్టు ధరలో ఉంది. బ్రిటిష్ కొలంబియాలో అడవి 90 శాతానికి పైగా ప్రభుత్వానిదే. చెట్లు కొట్టుకోవడానికి మిల్లులు కట్టే రుసుమును, అంటే స్టంపేజీని, రాష్ట్ర ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. అమెరికాలో కలప ఎక్కువగా ప్రైవేటు భూముల నుంచి మార్కెట్ ధరకు వస్తుంది కాబట్టి, స్టంపేజీ తక్కువగా పెట్టడం సబ్సిడీయేనని అక్కడి మిల్లుల వాదన. మా అడవిలో కొంత కలపను వేలం వేసి, ఆ ధరల ఆధారంగానే మిగతా రుసుము లెక్కగడుతున్నామని బ్రిటిష్ కొలంబియా అంటుంది. చెట్టు జాతి, వాలు, రవాణా దూరం అన్నీ వేరైనప్పుడు ఏ ధరతో పోల్చాలన్నదే అసలు చిక్కు. పోలిక మారితే రేటు మారిపోతుంది.

అమెరికా మిల్లుల మొదటి ఫిర్యాదు 1982 నాటిది. మధ్యలో ఒప్పందాలు కుదిరాయి, గడువు తీరాయి. చివరిది 2015 అక్టోబర్‌లో ముగిసింది, మరుసటి ఏడాది నవంబర్‌లో మళ్లీ ఫిర్యాదు. 2006లో రాజీ కుదిరినప్పుడు పోగైన సుమారు 500 కోట్ల డాలర్ల డిపాజిట్లలో 400 కోట్లు వెనక్కి ఇచ్చారు. ఆ డబ్బు ఇంపోర్టర్ ఆఫ్ రికార్డ్ పేరు మీదే వచ్చింది. ధరలో సుంకాన్ని భరించి కలప కొన్నవారికి నేరుగా ఏమీ అందలేదు.