ఉద్యోగంలో పడ్డాక దూరమైన కథలు మళ్లీ దగ్గరవుతాయా?

చిన్నప్పుడు నవల పట్టుకుంటే అన్నానికి కూడా లేవని మీరు, ఇప్పుడు ఇరవై పేజీలు దాటలేకపోతున్నారని, ఆ ఆనందం తిరిగి వస్తుందా అని అడిగారు. వస్తుంది. నాకు నలభై మూడో ఏట తిరిగి వచ్చింది.

నేను బ్యాంకు ఉద్యోగిని. సర్క్యులర్లు, రుణ దరఖాస్తులు, ఆడిట్ అభ్యంతరాలు చదవడంతోనే నా రోజు గడుస్తుంది. ఆ చదువులో కన్ను ప్రతి వాక్యం మీదా నిలవదు. కావలసిన అంకె, తేదీ, షరతు ఎక్కడున్నాయో వెతుక్కుని మిగిలినదంతా దాటేస్తుంది. నవల తెరిచినా నా కన్ను అదే పని చేసేది. తీరిక లేదని అందరితో చెప్పేవాణ్ణి గానీ, ఆదివారాలు కావలసినంత తీరిక ఉండేది. కథ చదివే పద్ధతే నేను మరచిపోయాను.

అమ్మకు శుక్లాల ఆపరేషన్ అయినప్పుడు కొన్నాళ్లు కంటికి శ్రమ ఇవ్వవద్దని డాక్టరు చెప్పారు. పుస్తకం లేనిదే అమ్మకు మధ్యాహ్నం గడవదు. "ఒరేయ్, బీరువా కింది అరలో నా సీరియల్ ఉంది, కాస్త చదివి పెట్టరా" అంది. వారపత్రికలోంచి వారం వారం పేజీలు చించి దాచి, దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండరు అట్ట వేసుకున్న పుస్తకం అది. కొన్ని పేజీల వెనుక సబ్బుల ప్రకటనలు, ఒకచోట అమ్మ పెన్సిలుతో సగం నింపిన గళ్ల నుడికట్టు ఉన్నాయి. మధ్యలో రెండు వారాల భాగాలు లేవు. ఆ కథను అమ్మ నోటితోనే చెప్పింది.

పైకి చదివేటప్పుడు దేనినీ దాటేయడానికి వీలుండదు. నేను వేగం పెంచితే "ఆగు, ఆ పిల్ల గుమ్మంలో నిలబడి ఏమందో మళ్లీ చదువు" అనేది. నాలుగో రోజు సాయంత్రం బస్సులో ఇంటికి వస్తూ, ఆ పిల్ల పుట్టింటికి వెళ్తుందా, భర్త దగ్గరే ఉంటుందా అని ఆలోచిస్తున్నానని గమనించినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఆ తరువాత పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’ మళ్లీ చదివాను. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ అంతర్జాతీయ కథల పోటీలో దానికి రెండో బహుమతి వచ్చిన సంగతిని కాలేజీలో మార్కుల కోసం కంఠస్థం చేశాను. అప్పట్లో కథలోని బిచ్చగత్తె మీద జాలి తప్ప మరేమీ కలగలేదు. జీవితమంతా నియమాల చట్రంలో బతికిన రావుగారు ఆ తుఫాను రాత్రి పడిన భయం మాత్రం ఈ వయసులోనే నాకు అర్థమైంది. పెద్దయ్యాక చదవడం వల్ల పోగొట్టుకున్నది కొంత ఉన్నా, ఇలా దక్కేది అంతకంటే ఎక్కువని నా నమ్మకం.

కాబట్టి పెద్ద నవలతో కాక, ఒక్క కూర్చోవడంలో అయిపోయే కథతో మొదలుపెట్టండి. మొదటి పేజీలు పైకి చదవండి. వినేవారు ఇంట్లో ఉంటే మరీ మంచిది. ఏడాదికి ఇన్ని పుస్తకాలని లెక్క పెట్టుకోవద్దు, అది మళ్లీ ఆఫీసు పనే అవుతుంది. నచ్చని పుస్తకాన్ని మొహమాటం లేకుండా పక్కన పెట్టేయండి.

అమ్మ కళ్లు ఇప్పుడు బాగున్నాయి, తన పుస్తకాలు తానే చదువుకుంటోంది. ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీది పాత పత్రికల కట్టల్లో ఆ లేని రెండు వారాల సంచికల కోసం నేను వెతుకుతున్నాను. ఒకటి దొరికింది.