నర్సరీ సీట్లు అయిపోతున్నాయట, ఇప్పుడే కట్టేయాలా?

ప్రశ్న: మాది నల్గొండ, దేవరకొండ రోడ్డు వైపు ఉంటాం. బాబుకు ఈ సెప్టెంబర్‌లో మూడేళ్లు నిండుతాయి. నేను ఒక బట్టల షాపులో లెక్కలు చూస్తాను, మా ఆయనది మిర్యాలగూడలో రైస్ మిల్లు పని, పొద్దున పోతే రాత్రికే రావడం. బాబును మా అత్తమ్మ చూసుకుంటుంది. ఇంటి దగ్గర ఒక స్కూలు వాళ్లు నర్సరీకి 38 వేలు అంటున్నారు, ఈ నెలలో కడితేనే సీటు, జూన్‌లో పంపాలట. నర్సరీ నుంచే ఐఐటీ ఫౌండేషన్ కూడా ఉందట. రెండు గల్లీల అవతల అంగన్‌వాడీ ఉంది గానీ అక్కడికి పంపితే చుట్టాలు నవ్వుతారని మా ఆయన. ఇప్పుడే బడేంది, పసిపిల్లగాడు అని అత్తమ్మ. పక్కింటి పాప ఇదే వయసులో ఏబీసీడీలన్నీ రాస్తోంది, మావాడేమో ఇంకా చెడ్డీలోనే పోసుకుంటాడు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ 38 వేలు ఇంట్లోనే ఉంచండి. తర్వాత ఒక చిన్న లెక్క వేద్దాం. ఈ జూన్‌లో చేర్పిస్తే బాబుకు రెండేళ్ల తొమ్మిది నెలలు. నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ అయ్యేసరికి ఐదేళ్ల తొమ్మిది నెలలు. 2020 జాతీయ విద్యా విధానం ఏమంటోందంటే, మూడు నుంచి ఆరేళ్ల దాకా ఆటపాటల చదువు, ఆరేళ్లు నిండాక ఒకటో తరగతి. అంటే ఇప్పుడు పరుగెత్తి చేర్పించినా చివర్లో వయసు తక్కువే పడుతుంది. వచ్చే జూన్‌లో పంపితే కొంపేమీ మునగదు, ఈ విషయంలో మీ అత్తమ్మదే కరెక్టు.

ఇక ఐఐటీ ఫౌండేషన్. మూడేళ్ల పిల్లగాడికి అది గోడ మీద బ్యానర్, అంతకుమించి ఏమీ కాదు. ఈ వయసులో మణికట్టులోని చిన్న చిన్న ఎముకలే ఇంకా పూర్తిగా గట్టిపడవు, పెన్సిల్ పట్టించి నాలుగు గీతల కాపీలో పేజీలు నింపిస్తే చెయ్యి నొప్పి తప్ప ఏమొస్తుంది? పక్కింటి పాప రాస్తోందా, రాయనివ్వండి, సంతోషమే. మీవాడికి మాత్రం చపాతీ పిండి ముద్ద ఇవ్వండి, సుద్దముక్కతో గచ్చు మీద గీయనివ్వండి, చొక్కా గుండీలు వాడినే పెట్టుకోనివ్వండి, అత్తమ్మ చిక్కుడుకాయలు వలుస్తుంటే పక్కన కూర్చోబెట్టండి. వేళ్లకు బలం వచ్చేది ఇలాంటి పనులతోనే. చెడ్డీ సంగతి కూడా అంతే, మూడేళ్లలోపు అది మామూలే, తిట్టకుండా గంట గంటకూ తీసుకెళ్తుంటే అలవాటవుతుంది.

స్కూలు చూడాలంటే అడ్మిషన్ రూమ్‌లో కూర్చోకండి, అక్కడ ఏసీ, కార్టూన్ బొమ్మలు అన్నీ బాగానే ఉంటాయి. మామూలు రోజున పదకొండు గంటలప్పుడు వెళ్లి, నర్సరీ గది ఒకసారి చూపించండి అనండి. చూపించం అంటే తిరిగి వచ్చేయండి. చూపిస్తే మొదట బాత్రూమ్ చూడండి. పిల్లలకు అందే ఎత్తులో ఉందా, నేల తడి లేకుండా ఉందా, ఆయమ్మ ఒక్కతేనా, ఆమే గేటు దగ్గరా ఉండాలా? అక్కడున్నంతసేపట్లో ఎవరో ఒక పిల్ల నీళ్ల సీసా ఒలకబోస్తుంది, అప్పుడు టీచర్ మొహం చూడండి. గుడ్డ తెచ్చి, రా మనిద్దరం తుడుద్దాం అన్న టీచర్ దొరికితే మిగతావన్నీ తర్వాత మాట్లాడుకోవచ్చు. పిల్లల్ని లెక్కపెట్టండి కూడా. 2013 నాటి జాతీయ విధానం ప్రకారం మూడు నుంచి ఆరేళ్ల వాళ్లు 20 మందికి ఒక పెద్ద మనిషి, మూడేళ్లలోపైతే 10 మందికే ఒకరు ఉండాలి, అదీ రోజుకు మూడు నాలుగు గంటలే. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా కూర్చోబెట్టి పైగా హోంవర్క్ ఇచ్చే చోటు మీకొద్దు.

నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి నల్గొండ వాళ్లకు నేను చెప్పాలా? అయినా అడగండి, తాగే నీళ్లు మిషన్ భగీరథ కుళాయివా, బోరువా అని. పళ్లు లోపల తయారయ్యే వయసు ఇదే, ఫ్లోరైడ్ మరకలు పడేదీ ఇప్పుడే, మరగబెడితే ఫ్లోరైడ్ పోదు సరికదా నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. బోరు నీళ్లే అయితే ఇంటి నుంచి సీసా పంపండి. ఆటోలో డ్రైవర్ పక్కన ఇరికించి పంపే ఏర్పాటైతే, ఎంత పేరున్న స్కూలైనా వద్దు.

ఇప్పుడు అంగన్‌వాడీ. 1975 నుంచి నడుస్తున్న వ్యవస్థ అది, గుడ్డు పెడతారు, వేడి అన్నం పెడతారు, బరువు తూస్తారు, పైసా ఖర్చు లేదు. తక్కువ ఎక్కడంటే టీచర్‌కు రిజిస్టర్లు, గర్భిణుల భోజనం, ఫోన్‌లో ఎంట్రీలు, ఇన్ని పనుల మధ్య ఆటపాటలు వెనకబడుతుంటాయి. అందుకే పేరు చూసి కాదు, మీ గల్లీ టీచర్‌ను చూసి నిర్ణయించుకోండి, ఒక గంట వెళ్లి కూర్చోండి. పిల్లల్ని పేరుపెట్టి పిలుస్తూ కథ చెప్పి పాట పాడిస్తుంటే మూడేళ్లు నిండగానే హాయిగా పంపండి. ఊరికే కూర్చోబెట్టి అన్నం కాగానే ఇంటికి తోలేస్తుంటే వేరే చూసుకోండి. 2025లో కొన్ని సర్కారు బడుల్లోనూ ప్రీ-ప్రైమరీ మొదలుపెట్టారు, మీ దగ్గర ఉందేమో మండల విద్యాధికారి (ఎంఈవో) ఆఫీసులో కనుక్కోండి. చుట్టాల సంగతంటారా, నవ్వే వాళ్లు ఫీజులో సగం కడతారేమో మీ ఆయన్నే అడగమనండి.

ప్రశ్న: మాది జడ్చర్ల దగ్గర ఊరు. కొడుకూ కోడలూ పుణెకు పనికి పోయిన్రు. నాలుగేళ్ల మనవరాలు నా దగ్గరే ఉంటది. అంగన్‌వాడీ గేటు దాకా వచ్చి కొంగు వదలకుండా ఏడుస్తది. మాన్పించాల్నా?

జవాబు: వద్దమ్మా, మాన్పించకండి. అమ్మానాన్న పోవడం చూసిన పిల్ల, మీరూ పోతారని భయపడుతోంది. కన్నుగప్పి మాత్రం రావద్దు. అన్నం తిన్నాక వస్తా అని చెప్పి, సరిగ్గా ఆ వేళకే వెళ్లండి. మొదట్లో కాసేపు లోపలే కూర్చుని, రోజూ కొంచెం కొంచెం తగ్గించండి. కొడుకును ఫోన్ సాయంత్రం చేయమనండి, పొద్దున బయల్దేరే వేళ వద్దు. మీరు వచ్చేశాక ఏడుపు ఎంతసేపటికి ఆగుతోందో టీచర్‌ను అడగండి. కాసేపట్లో ఆగి ఆటలో పడితే దిగుల్లేదు. వారాలు గడిచినా అక్కడ తినకుండా, రాత్రి ఉలిక్కిపడి లేస్తుంటే పిల్లల డాక్టర్‌కు చూపించండి.