మూలకణం గురించి రాస్తున్న అమ్మాయికి

బరంపురం

చిరంజీవికి ఆశీస్సులు.

పర్లాకిమిడి నుంచి నీవు పంపిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. బడిలో ఒడియా, కళాశాలలో ఇంగ్లీషు చదువుకొని, అమ్మమ్మ ఒడిలో నేర్చిన తెలుగులో పిండ మూలకణాల (తొలిదశ పిండం నుంచి తీసిన, శరీరంలోని ఏ కణంగానైనా మారగల కణాల) గురించి రాయడానికి నీవు పూనుకోవడం నాకు ఎంతో సంతోషం కలిగించింది. గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊరు మీది. అక్కడినుంచి ఇటువంటి వ్యాసం రావడం సహజమే అనిపించింది. బాగున్న వాక్యాల పక్కన గీత గీసి ప్రతిని వేరుగా పంపుతున్నాను. ఈ ఉత్తరం ముఖ్యంగా ఒక్క వాక్యం గురించి.

"పిండ మూలకణం ఏ కణంగానూ మారకుండా అలాగే ఉండిపోతుంది" అని రాశావు. ఆ "ఉండిపోతుంది" అనే క్రియ దగ్గరే నాకు అభ్యంతరం. చాలా ఏళ్ల కిందట నేనూ ఇదే పొరపాటు చేసి, దానిని "నిద్రాణ కణం" అన్నాను. ప్రయోగశాలలో పనిచేసే ఒక పాఠకుడు, ఎలుక పిండ మూలకణం ఒక్క రోజులోనే ఒకటికంటె ఎక్కువసార్లు విభజన చెందుతుందని, అటువంటిదానికి నిద్ర ఎక్కడిదని ఉత్తరం రాశాడు. అప్పటినుంచి నేను ఆ కణాన్ని వేరే కళ్లతో చూస్తున్నాను. అది ఉండిపోవడం లేదు; ప్రతి విభజన తరువాతా తన స్థితిని మళ్లీ కట్టుకుంటున్నది.

ఆ కట్టుబడి చేసేవి అనులేఖన కారకాలు, అంటే డీఎన్‌ఏకు అతుక్కొని, ఫలానా జన్యువును కణం చదవాలా వద్దా అని నిర్ణయించే ప్రొటీన్లు. వాటిలో ఆక్ట్4, సాక్స్2, నానాగ్ అనే మూడింటిని నీవు సరిగానే పేర్కొన్నావు గాని, అవి ఒకదానికొకటి ఏమవుతాయో చెప్పలేదు. ఆక్ట్4, సాక్స్2 డీఎన్‌ఏ మీద పక్కపక్కనే చేరి జంటగా పనిచేస్తాయి. ఈ మూడింటిలో ప్రతి ఒక్కటీ తన సొంత జన్యువు దగ్గరా, తక్కిన రెండింటి జన్యువుల దగ్గరా కూర్చుంటుంది. ఆ విధంగా మూడూ ఒకదాని ఉత్పత్తిని మరొకటి నిలబెడతాయి. మానవ పిండ మూలకణాలలో ఈ మూడూ కలిసి చేరిన జన్యువులు కనీసం 353 ఉన్నాయని 2005లో తేలింది. వాటిలో కొన్ని చురుకుగా పనిచేసేవి. మరికొన్ని నాడీకణం వైపో, కండరం వైపో దారితీసేవి, ఇప్పటికి నోరు విప్పకూడనివి. ఈ రెండో రకం తలుపులకు వేసింది గడియే గాని తాళం కాదు: అటువంటి అనేక జన్యువుల దగ్గరి హిస్టోన్ల (డీఎన్‌ఏ చుట్టుకొని ఉండే ప్రొటీన్ల) మీద తెరవమనే గుర్తు, మూయమనే గుర్తు ఒకేచోట ఉంటాయని 2006లో కనుగొన్నారు. ఏ కణంగానైనా మారగల శక్తి అంటే నాకు అర్థమయ్యేది ఈ గడియే.

ఉపమానం కావాలంటే దూరం పోనక్కరలేదు. బడిలో, ప్రభుత్వ కార్యాలయాలలో ఒడియా నడిచే ఊళ్లలో మన ఇళ్లలో తెలుగు ఎలా నిలిచిందో ఆలోచించు. అమ్మమ్మ మాట అమ్మ చేత మాట్లాడించింది, అమ్మ మాట నీ చేత మాట్లాడించింది, నీ ప్రశ్న మళ్లీ అమ్మమ్మను కదిలించింది. అయితే ఈ పోలిక ఎక్కడ తెగుతుందో కూడా పాఠకుడికి చెప్పాలి. ఇంట్లో తెలుగు ఎక్కువైతే ఎవరికీ నష్టం లేదు. ఆక్ట్4 అలా కాదు. నివా, మియజాకి, స్మిత్ అనే శాస్త్రవేత్తలు 2000లో ఎలుక కణాలలో చూపినదేమంటే, ఆక్ట్4 రెండు రెట్లకు చేరకముందే కణం దారి తప్పి ఆదిమ అంతస్త్వచం, మధ్యస్త్వచం అనే పిండపు తొలి కణపొరల వైపు మళ్లుతుంది. దానిని అణచివేస్తే జరాయువును (మాయను) నిర్మించే వంశం వైపు పోతుంది. ఎక్కువైనా నిలవదు, తక్కువైనా నిలవదు. నీ వ్యాసానికి ప్రాణం ఇక్కడ ఉంది. నీవు దీనిని ఒక్క పంక్తిలో దాటేశావు. ఇక్కడ ఆగి ఒక పేజీ రాయి.

"నానాగ్ ఈ రాజ్యానికి రాజు" అన్న వాక్యాన్ని మాత్రం కొట్టివేయమని కోరుతున్నాను. 2003లో దానిని వెలుగులోకి తెచ్చినవారు నిత్యయౌవన భూమిని గూర్చిన ఐర్లండు పురాణగాథ నుంచి పేరు తెచ్చి పెట్టారు, ఆ పేరు నీ మనసును పట్టుకున్నట్టుంది. కాని 2007లో నానాగ్ లేకుండా చేసిన ఎలుక పిండ మూలకణాలు కూడా తమను తాము పునరుత్పత్తి చేసుకుంటూనే ఉన్నాయి. వేరే కణాలుగా మారిపోయే మొగ్గు మాత్రం వాటికి ఎక్కువయింది. తకహాషి, యమనకా 2006లో 24 కారకాల నుంచి ఏరి, ఎలుక చర్మపు కణాలను మళ్లీ మూలకణ స్థితికి తెచ్చిన నాలుగింటిలోనూ నానాగ్ లేదు. రాజు లేకపోయినా కొలువు నడిచే చోట రాజు అనే మాట పాఠకుణ్ణి తప్పుదారి పట్టిస్తుంది. దానిని కాపలాదారు అని చెప్పు, చాలు.

మరొక చిన్న మాట. ఎలుక కణాలను ఎల్ఐఎఫ్ అనే సంకేత ప్రొటీన్ ఆదుకుంటుందని రాసి, తరువాతి వాక్యంలోనే "మన కణాలు కూడా" అన్నావు. మానవ పిండ మూలకణాలు దానిమీద కాక ఎఫ్‌జీఎఫ్, యాక్టివిన్ సంకేతాల మీద ఆధారపడతాయి. ఏ ఫలితం ఏ ప్రాణిదో ప్రతిసారీ రాయి, వాక్యం బరువెక్కినా సరే.

తిరగరాసేటప్పుడు మొదటి పేరా ముట్టుకోవద్దు, అది బాగుంది. ఆక్ట్4 మోతాదు గురించిన భాగాన్ని ముందు రాసి, పూర్తి వ్యాసం కోసం ఆగకుండా అదొక్కటే నాకు పంపు. అమ్మమ్మకు ఒకసారి చదివి వినిపించి, ఆమె ఎక్కడ ఆపి ప్రశ్న అడిగిందో అంచున గుర్తు పెట్టడం మరచిపోవద్దు.

ఇట్లు,
నీ మేలు కోరే
అత్తయ్య