ప్రాచీన పిశాచం రెండు రౌండ్లకే కూలిపోతున్నప్పుడు

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటను నడిపిస్తూ మీరు దించిన, వెయ్యేళ్ల తరువాత బంధం తెంచుకుని లేచిన పిశాచం 17వ లెవెల్ ఆటగాళ్లు నలుగురి చేతిలో రెండు రౌండ్లకే పడిపోవడానికి ప్రధాన కారణం హిట్ పాయింట్ల (ఎంత నష్టం తట్టుకోగలదో చెప్పే అంకె) కొరత కాదు. రౌండుకు, అంటే అందరూ ఒక్కోసారి ఆడే చుట్టుకు, వాళ్లకు నాలుగు వంతులు వస్తుంటే దానికి ఒక్కటే వచ్చింది. మీరు ఆధారంగా తీసుకున్న బేలార్ అనే పిశాచానికి 2014 నాటి ఐదో ఎడిషన్‌లో 262 హిట్ పాయింట్లే ఉన్నాయి, లెజెండరీ యాక్షన్లు (ఇతరుల వంతుల చివర చేసే అదనపు చర్యలు) లేవు.

1. చాలామంది వదిలేసే మెట్టు ఇదే: హిట్ పాయింట్ల అంకె నిర్ణయించే ముందు మీ బృందాన్ని కొలవండి. గత మూడు పోరాటాలలో నలుగురూ కలిసి రౌండుకు ఎంత నష్టం కలిగించారో కాగితం మీద రాసుకోండి. అది 130 అయితే 262 రెండు రౌండ్లకే దాదాపు అయిపోతుంది, అయిదు రౌండ్లు నిలవాలంటే 650 కావాలి. అయితే అంతగా పెంచితే పోరాటం విసుగు పుట్టిస్తుంది కాబట్టి నేనైతే 400 దగ్గర ఆగి, మిగిలిన బలాన్ని వంతులలో ఇస్తాను.

2. ఇతరుల వంతు ముగియగానే వాడుకునేలా రౌండుకు మూడు లెజెండరీ యాక్షన్లు ఇవ్వండి, వాటిలో ఒకటి తప్పనిసరిగా కదలిక కావాలి.

3. రోజుకు మూడు లెజెండరీ రెసిస్టెన్స్‌లు (తప్పించుకోలేకపోయిన మంత్రాన్ని తప్పించుకున్నట్టు మార్చే శక్తి) చేర్చండి. లేకపోతే ఒక్క బానిష్‌మెంట్ మంత్రం, నిమిషం పాటు వేసినవారి ఏకాగ్రత చెదరకుండా నిలిస్తే, పిశాచాన్ని సొంత లోకానికి పంపేస్తుంది, అది తిరిగి రాదు.

4. ప్రాచీనతను అంకెలలో కాక తెలివిలో చూపండి: అది మొదటి వంతులోనే గాయాలు మాన్పే ఆటగాడి మీదికి వెళ్లాలి.