స్పిట్‌ఫైర్ హ్యాండ్‌బ్రేక్ కేబుల్ మార్చబోయే అల్లుడికి

చి. అల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

నీ పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ హ్యాండ్‌బ్రేక్ లివర్ పైదాకా లాగినా బండి నిలవట్లేదనీ, కేబుల్ మార్చేద్దామనుకుంటున్నాననీ రాశావు. మార్చు. కాకపోతే ఒక్క సంగతి బాగా బుర్రకెక్కించుకో. బ్రేకులో ఉన్న లోపాన్ని కేబుల్ బిగించి కప్పిపెట్టకూడదు. ముందు షూలు (చక్రం డ్రమ్ముని లోపల్నుంచి నొక్కి ఆపే వంపు ముక్కలు), తరవాత కీళ్ళు, అన్నిటికన్నా ఆఖర్న కేబుల్. ఈ వరస తప్పితే ఎంత మంచి కేబుల్ తెప్పించినా నెల తిరక్కుండా మళ్ళీ మొదటికే వస్తావు. పైగా నువ్వుండేది విశాఖ లాసన్స్ బే కాలనీలో. అక్కడ గాలిలోనే ఉప్పు. వాల్తేరు అప్‌లాండ్స్ వైపు వెళ్ళినా, కైలాసగిరి ఎక్కినా బండి ఆపేది వాలు మీదే. కాబట్టి దీన్ని చిన్న పనిగా చూడకు.

బండి కిందకి దూరే ముందు ఏది దేన్ని లాగుతుందో తెలుసుకో. స్పిట్‌ఫైర్‌లో రెండు కేబుళ్ళు ఉంటాయి. సీట్ల మధ్య ఉన్న లివర్ నుంచి మొదటిది వెనక్కి వెళ్ళి, ఛాసిస్ మీదున్న రిలే లివర్‌ని లాగుతుంది. రిలే లివర్ దగ్గరి కాంపెన్సేటర్ చుట్టూ తిరిగి రెండో కేబుల్ అటో కొస, ఇటో కొసగా రెండు వెనక చక్రాలకీ పోతుంది. ఆ రెండు కొసలకీ మరలున్న ఫోర్కులు, వాటికి లాక్ నట్లు. ఒక్కో ఫోర్కు క్లెవిస్ పిన్నుతో (ఫోర్కు రంధ్రాల్లో దూరే అడ్డ చీల) బ్యాక్ ప్లేట్ (డ్రమ్ము వెనక తిరక్కుండా ఉండే పళ్ళెం) వెనక ఉన్న చిన్న లివర్‌ని పట్టుకుంటుంది. రెండు చక్రాలకీ లాగుడు సమానంగా పంచేది కాంపెన్సేటరే. అది తుప్పు పట్టి కదలకపోతే ఒక చక్రం పట్టేస్తుంది, రెండోది ఊరికే తిరుగుతుంది.

అసలు కిటుకు డ్రమ్ము లోపల ఉంది. ఆ చిన్న లివర్ వీల్ సిలిండర్ (కాలి బ్రేకు తొక్కితే ఆయిల్ ఒత్తిడితో షూలని తోసేది) గుండా లోపలికి దూరి ఒక షూని తోస్తుంది. ఆ తోపుకి ఎదురుగా సిలిండరే బ్యాక్ ప్లేట్ గాడిలో వెనక్కి జారి రెండో షూని తోయాలి. గాడిలో తుప్పు, ఎండిన బ్రేక్ ఆయిల్ పేరుకుని సిలిండర్ బిగుసుకుపోయిందనుకో, ఒక్క షూ మాత్రమే డ్రమ్ముని తాకుతుంది. అప్పుడు హ్యాండ్‌బ్రేక్ బలం సగం పోయినట్టే. సముద్రం పక్కన ఉన్న బళ్ళలో కేబుల్ కంటే ముందు చెడేది ఇదే. చాలామంది దీన్ని చూడకుండానే కేబుల్ కొనేస్తారు.

అందుకని ముందు పరీక్ష. ఎవర్నైనా సీట్లో కూర్చోబెట్టి లివర్‌ని మెల్లగా లాగమను, వదలమను. నువ్వు వెనక నుంచి మూడు చోట్ల చూడు. రిలే లివర్ కదులుతోందా? రెండు చక్రాల దగ్గరి చిన్న లివర్లూ ఒకేసారి కదులుతున్నాయా? వదిలినప్పుడు రెండూ పూర్తిగా వెనక్కి వస్తున్నాయా? ఒకటి వచ్చి ఇంకొకటి ఆగిపోతుంటే తప్పు ఆ చక్రం దగ్గర. రెండూ బాగా కదిలినా పట్టు లేకపోతే షూల సర్దుబాటు తప్పింది, లేదా లైనింగ్ (షూ మీదుండే రాపిడి పట్టీ) అరిగింది, కాదంటే లైనింగ్‌కి ఆయిల్ అంటింది. కేబుల్ తీగలు విడిపోయి పోగులు లేచినా, కేబుల్ వంపు తిరిగే చోట ఎర్రటి పొడి రాలుతున్నా, ఫోర్కు మరలు చివరిదాకా బిగించేసి ఇంకా మిగలకపోయినా, అప్పుడు కేబుల్ మార్చే తీరాలి.

సామాను తెప్పించేటప్పుడు ముందు కేబుల్, వెనక కేబుల్ రెండూ కలిపి తెప్పించు. ఒకటి సాగిందంటే రెండోది కూడా అదే వయసుది. వాటితో పాటు నాలుగు క్లెవిస్ పిన్నులు, అవి ఊడకుండా కొసలు విడదీసి వంచే స్ప్లిట్ పిన్నులు గుప్పెడు, చక్రాల దగ్గర రెండు రిటర్న్ స్ప్రింగులు, చిన్న లివర్ బ్యాక్ ప్లేట్‌లోకి దూరే చోట ఉండే రబ్బరు బూట్లు రెండు. ఈ బూట్లు చిరిగితే నీళ్ళు నేరుగా సిలిండర్ గాడిలోకి పోతాయి. ఖరీదు తక్కువేగానీ అవి చేసే పని పెద్దది. ఆర్డర్ పెట్టేటప్పుడు బండి మోడల్, కమిషన్ నంబరు (బండి ప్లేటు మీదుండే కంపెనీ వరస నంబరు) రెండూ రాయి. 1962 నుంచి 1980 దాకా ఈ బండి ఐదు రకాలుగా వచ్చింది, అన్నిటికీ ఒకే సామాను సరిపోతుందని అనుకోకు.

గాజువాక ఆటోనగర్‌లో కేబుల్ చేయించుకుంటే చవగ్గా పోతుంది కదా అని నీకు అనిపించవచ్చు. మోటార్‌సైకిల్ బ్రేక్ తీగ దీనికి చాలదు. ఫోర్కు కొస తీగ మీద ప్రెస్సుతో నొక్కి పట్టించినదై ఉండాలి. కొసకి వెల్డింగ్ పెడతానంటే ఒప్పుకోకు. ఆ వేడికి ఉక్కు తీగ పదును పోయి, సరిగ్గా అతుకు పక్కనే తెగుతుంది. అదీ బండి వాలు మీద ఉన్నప్పుడే తెగుతుంది, ఎందుకంటే దాని మీద బరువు పడేది అప్పుడే. మనుషుల సాయం కావాలంటే మటుకు స్టాండర్డ్ హెరాల్డ్ మీద చెయ్యి తిరిగిన పాత మెకానిక్‌ని వెతుక్కో. మద్రాసులో తయారైన ఆ హెరాల్డూ నీ స్పిట్‌ఫైరూ ఒకే వంశం, వెనక బ్రేకుల అమరిక దాదాపు ఒకటే.

పనిముట్లలో ముఖ్యమైనది అంగుళాల పానాల సెట్టు, అంటే ఏ.ఎఫ్. (నట్టు ఎదురెదురు ముఖాల మధ్య కొలత) సైజులవి. 1/2 అంగుళం నట్టుకి 13 మి.మీ. పానా పట్టినట్టే పట్టి మూలలు కొరికేస్తుంది. షూలని డ్రమ్ముకి దగ్గర చేసే అడ్జస్టర్ తలకాయ 1/4 అంగుళం చదరం. దానికి తగ్గ చదరపు బ్రేక్ పానా కొను, కటింగ్ ప్లేయర్‌తో మాత్రం తిప్పకు. చదరం గుండ్రమైందంటే ఆ అడ్జస్టర్‌నే మార్చాల్సి వస్తుంది. పని మొదలుపెట్టే రెండు రోజుల ముందు నుంచి పొద్దునా సాయంత్రం అడ్జస్టర్లకీ, క్లెవిస్ పిన్నులకీ, లాక్ నట్లకీ తుప్పు వదిలించే ఆయిల్ కొడుతూ ఉండు.

బండి లేపే సంగతి. హ్యాండ్‌బ్రేక్ విప్పేస్తున్నావు, వెనక చక్రాలు చేత్తో తిప్పాలి కాబట్టి గేరు కూడా న్యూట్రల్‌లోనే ఉండాలి. అంటే బండిని ఆపేది ముందు చక్రాల కింద పెట్టిన దిమ్మలు మాత్రమే. రెండు ముందు చక్రాలకీ అటూ ఇటూ నాలుగు గట్టి చెక్క దిమ్మలు పెట్టు. ఇంటి ముందు వాలుంటే ఆ పని అక్కడ వద్దే వద్దు, చదునైన గచ్చు మీదే చెయ్యి. స్టాండ్లు ఛాసిస్ ప్రధాన కమ్మీల కింద పెట్టు. ఫ్లోర్ రేకు కింద, పక్కలకి పొడుచుకొచ్చిన సన్నటి చేతుల కింద పెట్టకు, మన ఊరి గాలికి అవి లోపల్నుంచి తినేసి ఉంటాయి. జాకీని నమ్ముకుని ఒక్క క్షణం కూడా కిందకి దూరొద్దు.

చక్రాలు తీశాక ఒక్కో డ్రమ్ముకీ ఉండే రెండు స్క్రూలు విప్పి డ్రమ్ము లాగు. రాకపోతే అడ్జస్టర్‌ని వెనక్కి వదులు చెయ్యి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, కాబట్టి లోపలి పొడిని గాలి కొట్టి ఊదకు. నీళ్ళు చల్లి తడిపి, గుడ్డతో తుడిచి, గుడ్డని సంచిలో కట్టి పారెయ్యి. లైనింగ్ 1.5 మి.మీ. కంటే పల్చబడినా, ఆయిల్ తాగినా షూలు మార్చు, అది కూడా రెండు పక్కలా కలిపే. ఆయిల్ తాగిన లైనింగ్‌ని ఎంత కడిగినా పట్టు రాదు. ఆ ఆయిల్ ఎక్కణ్ణుంచి కారిందో, హబ్ (చక్రం బిగించే ఇరుసు కొస) సీలు నుంచో సిలిండర్ నుంచో, అది బాగుచెయ్యకుండా కొత్త షూలు వేయకు. అప్పుడు సిలిండర్‌ని బొటనవేలితో పక్కకి తోసి చూడు, గాడిలో జారాలి. జారకపోతే విప్పి, గాడి తుప్పు గీకి, పల్చగా బ్రేక్ గ్రీజు రాసి మళ్ళీ బిగించు. గ్రీజు వేలికొసంతే, లైనింగ్‌కి అంటకూడదు.

ఇక పాత కేబుల్ విప్పడం. దాని దారి పొడుగునా ఫోన్‌తో ఫోటోలు తీసి ఉంచుకో. ఏ గైడు లోంచి వెళ్తుందో, స్ప్రింగు ఏ రంధ్రానికి తగిలిందో తరవాత గుర్తుండదు. క్లెవిస్ పిన్ను రాకపోతే సుత్తితో అడ్డంగా కొట్టకు, చిన్న లివర్ వంగిపోతుంది. వెనక గట్టి ఇనుప ముక్క దన్ను పెట్టి, సన్నటి పంచ్‌తో తట్టు. ముందు కేబుల్ లాగేముందు దాని కొసకి గట్టి నవారు దారం కట్టు. కేబుల్ వచ్చేసినా దారం అదే దారిలో ఉంటుంది, కొత్తదాన్ని దాంతోనే లాక్కోవచ్చు. పాతదీ కొత్తదీ నేల మీద పక్కపక్కన పరిచి, పిన్ను రంధ్రం నుంచి పిన్ను రంధ్రానికి కొలువు. పాతది కాస్త సాగి ఉండటం మామూలే. బెత్తెడు తేడా ఉందంటే నీకొచ్చింది వేరే బండి కేబుల్.

కొత్తది బిగించే ముందు రిలే లివర్‌నీ కాంపెన్సేటర్‌నీ ఒంటివేలితో ఆడేట్టు చెయ్యి. తుప్పు గీకి, కిరసనాయిల్‌తో కడిగి, ఆరాక గ్రీజు పట్టించు. కేబుల్ గైడుల్లోనూ గ్రీజు రాయి. క్లెవిస్ పిన్నుల తల పైకి ఉండేలా పై నుంచి కిందకి దూర్చు. స్ప్లిట్ పిన్ను ఎప్పుడైనా ఊడినా పిన్ను తన బరువుతో అక్కడే నిలుస్తుంది. వాడిన స్ప్లిట్ పిన్ను మళ్ళీ వాడకు. ఫోర్కుల్ని రెండు పక్కలా సమానంగా తిప్పు, మర కనీసం ఎనిమిది చుట్లు లోపలికి పట్టి ఉండాలి. ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ తిప్పితే కాంపెన్సేటర్ ఒక వైపుకి ఒరిగిపోతుంది, దానికి పంచే చోటే మిగలదు.

సర్దుబాటు దగ్గర తొందర వద్దు, పనంతా ఇక్కడే ఉంది. హ్యాండ్‌బ్రేక్ లివర్ పూర్తిగా కిందకి దించు. డ్రమ్ములు బిగించి, అడ్జస్టర్‌ని కుడివైపుకి తిప్పుతూ చక్రం కదలకుండా బిగిసేదాకా తీసుకెళ్ళు. కాలి బ్రేకు రెండు మూడుసార్లు గట్టిగా తొక్కు, షూలు మధ్యకి సర్దుకుంటాయి. మళ్ళీ అడ్జస్టర్ తిప్పి చూడు, ఇంకో క్లిక్కు దొరకొచ్చు. రెండు డ్రమ్ములూ ఇలా బిగిసి ఉండగానే కేబుల్ పొడుగు సరిచెయ్యి. ఫోర్కు రంధ్రం, చిన్న లివర్ రంధ్రం ఎదురెదురుగా వచ్చి పిన్ను వేలితోనే జారాలి. పిన్ను దూర్చడానికి చిన్న లివర్‌ని లాగి పట్టుకోవలసి వస్తే కేబుల్ పొట్టిదైందన్నమాట. లాక్ నట్లు బిగించి, ఆ తరవాతే అడ్జస్టర్‌ని ఒక్కో క్లిక్కు వెనక్కి వదులుతూ చక్రం స్వేచ్ఛగా తిరిగేదాకా చూడు. సన్నగా, ఒకే తీరుగా రాసుకునే చప్పుడు వినిపిస్తే ఫరవాలేదు. ఆగి ఆగి పట్టుకుంటే డ్రమ్ము వంకర తిరిగిందేమో చూడాలి.

లివర్ నాలుగైదు క్లిక్కులకి గట్టిగా నిలవాలి. రెండో క్లిక్కుకే నిలిస్తే బాగా కుదిరిందని సంబరపడకు. చిన్న లివర్లు పూర్తిగా వెనక్కి వెళ్ళట్లేదని, షూలు ఎప్పుడూ డ్రమ్ముని రాసుకుంటున్నాయని అర్థం. డ్రమ్ము వేడెక్కి, సిలిండర్ రబ్బర్లు ఉడికి, ఆయిల్ కారి, కాలి బ్రేకుకే ముప్పు వస్తుంది.

నీ బండికి ఇంకో ప్రత్యేకత ఉంది. వెనక స్వింగ్ యాక్సిల్, అంటే ఒక్కో చక్రం తన ఇరుసుతో పాటు విడిగా పైకీ కిందకీ ఊగుతుంది, కాబట్టి గాల్లో వేలాడేటప్పుడు చక్రాలు కిందకి దిగి లోపలికి ముడుచుకుంటాయి. అప్పుడు ఛాసిస్‌కీ బ్యాక్ ప్లేట్‌కీ మధ్య దూరం, బండి నేల మీద నిలిచినప్పుడు ఉండే దూరం ఒకటి కావు. స్టాండ్ల మీద ముచ్చటగా కుదిరిన కేబుల్, దించాక వదులో బిగుతో అయిపోతుంది. అందుకని కేబుల్ పొడుగు చూసే వేళకి ఒక్కో చక్రం వైపూ హబ్ కింద జాకీతో మామూలు ఎత్తుకి లేపి చూడు, స్టాండ్లు మాత్రం తియ్యకు. పనంతా అయ్యాక బండి దించి, ముందుకీ వెనక్కీ నాలుగడుగులు దొర్లించి, లివర్ క్లిక్కులు మళ్ళీ లెక్కపెట్టు.

వాలు మీద పరీక్ష తెల్లవారుజామున, ఎదురూ వెనకా బళ్ళు లేనప్పుడు చెయ్యి. బండి ముఖం పైకి ఉండగా ఒకసారి, కిందకి ఉండగా ఒకసారి. కాలు బ్రేకు పెడల్ మీదే ఉంచి మెల్లగా వదులు. నిలిచిందంటే భీమిలి రోడ్డు మీద ఓ పది కిలోమీటర్లు పోయి, ఆగి, రెండు వెనక డ్రమ్ముల వేడి చేత్తో పోల్చు. కాలుతుందేమో, ముందు దూరం నుంచే చెయ్యి పెట్టి చూడు. ఒకటి బాగా ఎక్కువ వేడిగా ఉంటే ఆ పక్క అడ్జస్టర్ ఇంకో క్లిక్కు వదలాలి, లేదా ఆ పక్క సిలిండర్ వెనక్కి జారట్లేదు. కొత్త తీగ మొదట్లో కొద్దిగా సాగుతుంది. రెండు మూడు వందల కిలోమీటర్లకి క్లిక్కులు మళ్ళీ చూడు. పెరిగితే ముందు షూల అడ్జస్టర్, అది సరిగ్గా ఉంటేనే ఫోర్కు.

బీచ్ రోడ్డు మీద తిరిగొచ్చిన ప్రతి వారం బండి అడుగు భాగాన్ని మంచినీళ్ళతో కడుగు. మూడు నెలలకోసారి కాంపెన్సేటర్‌కీ గైడులకీ పాత గ్రీజు తుడిచి కొత్తది రాయి, పాతదాని మీదే పూస్తే ఉప్పు లోపలే ఉండిపోతుంది. వానాకాలంలో బండిని వారాల తరబడి షెడ్డులో ఉంచేటప్పుడు హ్యాండ్‌బ్రేక్ వేసి వదిలెయ్యకు, షూలు డ్రమ్ముకి అంటుకుపోతాయి. ఫస్ట్ గేరులో పెట్టి, చక్రాలకి దిమ్మలు వెయ్యి. కేబుళ్ళు వచ్చాక కొలతలు రాసి పంపు, విప్పే ముందు ఒకసారి చూస్తాను.

ఇట్లు,
మావయ్య