సమాధానం: ఏరియల్ పాఠశాల పిల్లల మాటలను నమ్మవచ్చా?

ఏరియల్ పాఠశాల పిల్లలు తమ బడి దగ్గర ఆకాశం నుంచి దిగిన వింత వాహనాన్ని, వింత జీవులను చూశామని చెప్పారు. దాని గురించి మీరు "అరవై మంది పిల్లలు కలిసి అబద్ధమాడతారా" అని అడిగారు. చిక్కంతా అబద్ధం అన్న మాటలోనే ఉంది, ఎందుకంటే నిజాయతీగా చెప్పే పిల్లల జ్ఞాపకం కూడా ఇతరుల మాటలతో మారిపోగలదు.

1. ముందుగా నేపథ్యం చూడండి. జింబాబ్వేలోని రువాలో 1994 సెప్టెంబరు 16న ఆ సంఘటన జరిగింది. అంతకు రెండు రోజుల ముందే ఒక రాకెట్ భాగం ఆకాశంలో మండుతూ పడిపోవడాన్ని ఆ ప్రాంతంలో ఎందరో చూశారు.

2. చాలామంది వదిలేసే మెట్టు ఇది: ఏ మాట, ఎవరు అడిగినప్పుడు, ఎన్నాళ్లకు వచ్చిందో విడదీసి రాసుకోండి. గుర్తు తెలియని ఎగిరే వస్తువుల (UFO) పరిశోధకురాలు సింథియా హైండ్ కొద్ది రోజుల్లోనే పిల్లలను చిన్న గుంపులుగా కూర్చోబెట్టి అడిగారు, కాబట్టి ఒకరి సమాధానం మరొకరు విన్నారు. హార్వర్డ్ మనోవైద్యుడు జాన్ మ్యాక్ రెండు నెలలు దాటాక వచ్చారు. భూమికి ముప్పు ఉందని ఆ జీవులు పిల్లలకు చెప్పాయన్న సందేశం ప్రధానంగా ఆయన సంభాషణలలోనే కనిపిస్తుంది. అందువల్ల దానికి తొలి కథనాలతో సమానమైన విలువ ఇవ్వకండి.

3. తాము చూసినదాన్ని పిల్లలు గీసిన బొమ్మలు ఒకదానితో ఒకటి పోలి ఉండటాన్ని విడి సాక్ష్యంగా లెక్కించకండి. అవి గీసేనాటికి పిల్లలు ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారు.

వారు ఏదో చూసి నిజంగా భయపడ్డారని నేను నమ్ముతాను. అది ఏమిటన్నది ఈ వాంగ్మూలాలతో మాత్రం తేలదు.