మైత్రిలో ఉన్న మావారు ముభావంగా మారిపోయారు

ప్రశ్న: మావారు అంటార్కిటికాలోని మన దేశపు పరిశోధన కేంద్రం మైత్రిలో చలికాలం డ్యూటీలో ఉన్నారు. మొదట్లో గంటసేపు మాట్లాడేవారు. జూలై నుంచి 'ఊఁ', 'సరే' తప్ప మాట లేదు. చెప్పింది మర్చిపోతున్నారు, ఊరికే విసుక్కుంటున్నారు. నామీద ప్రేమ తగ్గిందా? – ఒక సోదరి, కాకినాడ

జవాబు: అమ్మా, మీరు రాసిన నెలను బట్టే సగం సంగతి తెలుస్తోంది. అక్కడ జూలై అంటే నడిచలికాలం. మైత్రిలో మే చివరి నుంచి సుమారు రెండు నెలలు సూర్యుడు కనిపించడు. పొద్దుటి వెలుగు కంటపడకపోతే నిద్రావేళలు తారుమారవుతాయి. దీర్ఘకాలపు చలికి థైరాయిడ్ హార్మోన్ల తీరూ మారుతుంది. అంటార్కిటికాలోనే ఉన్న జర్మనీవాళ్ల నాయ్‌మాయర్ కేంద్రంలో 14 నెలలు గడిపిన తొమ్మిదిమందిని పరీక్షిస్తే, జ్ఞాపకశక్తికి కీలకమైన మెదడు భాగం ఒకటి కొంత కుంచించుకుపోయిందని 2019లో తేలింది. ఆయన మతిమరుపును మీపట్ల నిర్లక్ష్యమని అనుకోకండి. అందరికీ కాదుగానీ, గడువు సగం దాటాక 'ఇంకా ఇన్ని నెలలా' అనే నీరసం చాలామందికి వస్తుంది.

"ఎందుకు మాట్లాడరు?" అని నిలదీస్తే ఫోనంటేనే భయం పట్టుకుంటుంది. అవే ముఖాలు, అదే జనరేటర్ రొద. ఆయన దగ్గర కబుర్లేం ఉంటాయి? వారానికి రెండుసార్లు, పదిహేను నిమిషాలు, వేళ ముందే అనుకోండి. కబుర్లు మీరే చెప్పండి: పాప లెక్కల పరీక్ష, వరలక్ష్మీ వ్రతానికి ఎవరొచ్చారు, గోడకు ఏ రంగు వేయించారు. ముఖ్యమైనవి మెసేజ్‌లో రెండు ముక్కలు రాసి పెట్టండి. అప్పులు, స్థలాల గొడవలు ఆగగలిగితే ఆగనివ్వండి. దుర్వార్త అయితే ముందు దళనాయకుడికో డాక్టరుకో చెప్పండి, విన్నప్పుడు పక్కన ఒకరుంటారు.

ఆయనకు మూడే చెప్పండి. రోజూ ఒకే వేళకు లేవడం. కేంద్రంలో 10,000 లక్స్ (వెలుగు కొలత) దీపం ఉంటే లేచాక అరగంట దాని ముందు కూర్చోవడం (దీపంకేసి తేరిపార చూడకూడదు). అందరితో కలిసి తినడం. కంచం గదికి పట్టుకెళ్లడం మొదలైందంటే మనిషి ఒంటరితనంలోకి జారుతున్నట్టే.

వరసగా మూడు నాలుగు రాత్రులు నిద్ర లేకపోయినా, తిండి మానేసినా, తోటివాళ్లు తనపై కుట్ర పన్నుతున్నారన్నా, తాగుడు పెరిగినా, బతకాలని లేదన్నా ఆగకండి. ఆయన ఏమనుకుంటారోనని మొహమాటపడకుండా అదే రోజు మైత్రిని నడిపే గోవాలోని ధ్రువ పరిశోధన సంస్థ కార్యాలయం ద్వారా మైత్రిలోని డాక్టరుకు కబురందించండి. నడిచలికాలంలో అక్కణ్ణుంచి మనిషిని తేవడం దాదాపు అసాధ్యం. ఆ డాక్టరే దిక్కు.

వచ్చాక మొదటి రెండు వారాలు ఇంటినిండా చుట్టాల్ని పిలవకండి. హారన్లు, జనం రద్దీ భరించలేకపోవచ్చు. ఉద్యోగం మారడం, ఇల్లు కొనడం లాంటి నిర్ణయాలు వాయిదా వేయండి. థైరాయిడ్ పరీక్ష చేయించండి. ఆరువారాలకీ నిద్ర, చిరాకు దారికి రాకపోతే సైకియాట్రిస్టుకు చూపించండి.